కంప్యూటరుకు డ్రైవింగ్ లైసెన్సు ఇద్దామా?

చలికాలం సెలవులు అయిపోయి మన తెలుగు బడి మళ్లీ తెరిచిన రోజున, "సెలవుల్లో ఏం చేశారో తలా ఐదు వాక్యాలు తెలుగులో చెప్పండి" అని పిల్లల్ని అడిగాం. అమ్మమ్మ ఊరు వెళ్లామని కొందరు, సలాలా వెళ్లామని కొందరు చెప్పారు. ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు లేచి, "మేము అబుధాబిలో టాక్సీ ఎక్కాం. డ్రైవరు అంకుల్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. స్టీరింగు దానంతట అదే తిరిగింది" అన్నాడు. ఇంకేముంది! తరగతి అంతా ఒకటే ప్రశ్నలు. ఆ రోజు "తెలుగులో మాట్లాడండర్రా" అని ఒక్కసారి కూడా హెచ్చరించాల్సిన అవసరం రాలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి మెల్లగా అడిగింది. "అంకుల్, అలాంటి కార్లు మస్కట్‌కి వస్తే మా నాన్న ఏం చేస్తారు?"

వాళ్ల నాన్నగారు పిల్లల్ని బడికి దింపే వ్యాను నడుపుతారు. తరగతి నిశ్శబ్దమైపోయింది. మేము సాఫ్ట్‌వేర్ మనుషులం. ఇంజనీరింగు చదివింది మన ఊళ్లో, ఉద్యోగం ఇక్కడ, సెలవు రోజు పూట మన పిల్లలకు అ ఆలు. కంప్యూటరు గురించి ఏది అడిగినా చెప్పేయగలమని ధీమా. కానీ ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. "వచ్చే వారం చెప్తామమ్మా" అని తప్పించుకున్నాం. ఆ వారం రోజులూ చదివి, నలుగురితో మాట్లాడి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

అసలు ప్రశ్న ఇది. కార్లు తయారుచేసే కంపెనీలు నూరేళ్లకు పైగా ఆ పని చేస్తున్నాయి. ఈ పాతికేళ్లలో గూగుల్, యాపిల్, ఊబర్, బైదూ, షావోమీ వంటి కంప్యూటరు, ఫోను కంపెనీలు కూడా తగుదునమ్మా అంటూ ఈ రంగంలోకి దిగాయి. అవి దిగవచ్చునా? దిగితే ఎంతవరకు దిగాలి?

ఒమన్‌లో లైసెన్సు తీసుకున్న పెద్దలకు ఇక్కడి పరీక్షలు ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. ముందు డ్రమ్ముల మధ్య బండిని వెనక్కి పెట్టాలి. తర్వాత ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. ఆఖరున పోలీసు అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాలి. మేము డ్రమ్ము మొదటిసారే పాసయ్యాం గానీ రోడ్డు టెస్టులో మూడుసార్లు బోల్తా పడ్డాం. రౌండెబౌటు దగ్గర అద్దం చూసుకోకపోవడం మా తప్పే. సరే, కంప్యూటరుకు మాత్రం వేరే రూలు ఎందుకు? దానికీ ఈ మూడు పరీక్షలే పెట్టి చూద్దాం.

డ్రమ్ము టెస్టు

డ్రమ్ము టెస్టులో ఎదురుగా ఎవరూ రారు. మన బండి కొలత మనకు తెలిస్తే చాలు. కంప్యూటరుకు అలాంటి పరీక్ష మొదట పెట్టింది విశ్వవిద్యాలయాలు. అందులో మన తెలుగువాడి చేయి కూడా ఉందని మన పిల్లలకు తప్పక చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి అమెరికా వెళ్లారు. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. 1994లో కంప్యూటరు రంగపు నోబెల్ అని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. తనంతట తాను నడిచే బళ్ల మీద ఆ సంస్థలో 1980లలోనే పని మొదలైంది.

1995లో ఆ సంస్థవాళ్లు ఒక వ్యాన్‌ను పిట్స్‌బర్గ్ నుంచి శాండియాగో దాకా, అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకు, నాలుగున్నర వేల కిలోమీటర్లు నడిపించారు. బ్రేకు, యాక్సిలరేటరు మనుషులే చూసుకున్నారు గానీ, స్టీరింగు మాత్రం నూటికి 98 వంతుల దూరం కంప్యూటరే తిప్పింది. నూటికి 98 అంటే మన ఇళ్లలో స్వీట్లు పంచుతాం. కానీ మస్కట్ నుంచి సలాలాకు 1000 కిలోమీటర్లు అనుకోండి. మిగిలిన ఆ రెండు వంతులు 20 కిలోమీటర్లు. ఆ 20 కిలోమీటర్లలోనే ఒంటె అడ్డం వస్తే? మూడు దశాబ్దాలుగా ఇంజనీర్లు కుస్తీ పడుతున్నది ఆ రెండు మార్కుల కోసమే.

తర్వాత అమెరికా రక్షణ శాఖ పరిశోధనా సంస్థ డార్పా ఎడారిలో పందెం పెట్టింది. 2004లో రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో ఏ బండీ 12 కిలోమీటర్లకు మించి వెళ్లలేదు. మరుసటి ఏడు, 2005లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కారు 212 కిలోమీటర్లను ఏడు గంటలలోపే పూర్తిచేసి గెలిచింది. ఒక్క ఏడాదిలో అంత మార్పు!

పిల్లలూ, ఆ కారు ఎలా చూస్తుందో తెలుసా? దానికి మూడు రకాల కళ్లుంటాయి. కెమెరా మన కన్నులాగే రంగులు, బోర్డులు, సిగ్నళ్లు చూస్తుంది. రాడార్ రేడియో తరంగాలను పంపి ఎదుటి బండి దూరం, వేగం తెలుసుకుంటుంది. మన రోడ్ల పక్కన నాన్నగారి వేగాన్ని పట్టేసే పెట్టెలో ఉన్న సూత్రం అదే. మూడోది లైడార్. ఇది లేజర్ వెలుగును చుట్టూ చిమ్మి, తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కిస్తుంది. 30 మీటర్ల దూరంలో గోడ ఉంటే వెలుగు వెళ్లి రావడానికి ఒక సెకనులో 50 లక్షల వంతు చాలు. అంత చిన్న సమయాన్ని కొలిచి చుట్టుపక్కల బొమ్మ గీసుకుంటుంది. అన్ని కార్లలోనూ ఈ మూడూ ఉండవు. కొన్ని కంపెనీలు కెమెరాలనే ఎక్కువగా నమ్ముకున్నాయి.

డ్రమ్ము టెస్టులో కంప్యూటరు పాసే.

స్లోపు టెస్టు

ఎత్తు మీద ఆపిన బండి వెనక్కి జారకూడదు. చిత్రమేమిటంటే ఈ పరీక్షలో వెనక్కి జారింది కార్లు కాదు, కంపెనీలు.

గూగుల్ 2009లో ఈ పని మొదలుపెట్టింది. స్టాన్‌ఫర్డ్ జట్టుకు నాయకత్వం వహించిన సెబాస్టియన్ త్రన్ గారే అక్కడా ముందుండి నడిపించారు. 2015 ప్రాంతంలో స్టీరింగు లేకుండా నడవగల ఒక బుల్లి గుండ్రటి కారును గూగుల్ సొంతంగా తయారు చేయించి రోడ్డెక్కించింది. చూడటానికి ముద్దుగా ఉండేది. కానీ 2017లో దాన్ని పక్కన పెట్టేసింది. అప్పటికి వేమో అనే పేరుతో వేరుపడ్డ ఆ సంస్థ క్రైస్లర్ వ్యాన్లు, తర్వాత జాగ్వార్ కార్లు కొని వాటికి తన కళ్లు, తన మెదడు అమర్చుకుంది. కారు మీది, డ్రైవరు మాది అన్నమాట.

యాపిల్ 2014 నుంచి పదేళ్లు ప్రయత్నించి, ఒక్క కారు కూడా అమ్మకుండానే 2024 ఫిబ్రవరిలో విరమించుకుంది. వాక్యూమ్ క్లీనర్లకు పేరుపడ్డ డైసన్ 2019లో ఎలక్ట్రిక్ కారు ఆలోచనను వదులుకుంది. ఫోర్డు, ఫోక్స్‌వ్యాగన్ డబ్బు పెట్టిన ఆర్గో 2022లో మూతపడింది. ఊబర్ తన విభాగాన్ని 2020 చివర్లో వేరేవారికి ఇచ్చేసింది. జనరల్ మోటార్స్ తన క్రూజ్ టాక్సీలకు 2024 డిసెంబరులో డబ్బు ఆపేసింది.

ఇందులో ఏముంది పాఠం? ఫోను రెండు మూడేళ్లకు మార్చేస్తాం. చేతిలోంచి జారిపడితే అద్దం పగులుతుంది, అంతే. కారు పదిహేనేళ్లు ఉండాలి. మస్కట్ జూన్ ఎండలో రోజంతా నిలబడి సాయంత్రం ఒక్క తిప్పుకు స్టార్టవ్వాలి. గుద్దుకుంటే లోపలి పసిపాపను కాపాడాలి. రుయీలోనో గాలాలోనో దానికి విడిభాగం దొరకాలి. ఈ విద్య కార్ల కంపెనీలకు ఒక్క రోజులో రాలేదు.

అలాగని అసాధ్యమనీ చెప్పలేం. ఫోన్ల కంపెనీ షావోమీ 2021లో ప్రకటించి 2024 మార్చిలో తన మొదటి కారును అమ్మకానికి పెట్టింది. అది బాగానే అమ్ముడుపోయింది కూడా. కానీ 2025 మార్చిలో చైనాలో ఆ కారు ఒకటి డ్రైవరుకు సాయపడే పద్ధతిలో నడుస్తూ ప్రమాదానికి గురై ముగ్గురు చనిపోయారు. కారు చేయడం ఒక విద్య, కారు నడపడం ఇంకో విద్య అని తేలుతోంది కదా.

రోడ్డు టెస్టు

ఇప్పుడు అసలు పరీక్ష. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల అలవాటు ఒకటుంది. పని తొంభై వంతులు అయిపోతే వారాంతానికి ముందే రిలీజు చేసేస్తాం. ఆదివారం వచ్చి ఫిర్యాదులు చూసి సరిచేస్తాం. జీతం స్లిప్పులో అంకె తప్పు పడితే క్షమించమని మళ్లీ పంపిస్తాం. గంటకు 120 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 33 మీటర్లు. అక్కడ ఆదివారం దాకా ఆగడానికి కుదరదు.

2018 మార్చిలో అరిజోనా రాష్ట్రంలో ఊబర్ పరీక్షిస్తున్న కారు, రాత్రిపూట సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని గుద్ది చంపింది. విచారణలో తేలిన సంగతి ఇది. కారు ఆమెను అయిదు సెకన్లకు ముందే చూసింది. కానీ ఒకసారి బండి అనుకుంది, ఒకసారి సైకిలు అనుకుంది, ఒకసారి ఏదో వస్తువు అనుకుంది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చని దానికి ఎవరూ నేర్పలేదు. అందులో కూర్చుని గమనించాల్సిన మనిషి రోడ్డు వంక కాక ఫోను వంక చూస్తూ ఉంది. మన ఊళ్లలో జీబ్రా గీతల మీద దాటేదెవరో చెప్పండి!

2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దిన ఒకామె క్రూజ్ టాక్సీ ముందు పడింది. టాక్సీ ఆగింది గానీ, ఆ తర్వాత రూలు ప్రకారం పక్కకు తీసి ఆపబోయి ఆమెను ఆరు మీటర్లు ఈడ్చుకుపోయింది. ఆ ఈడ్చుకుపోయిన సంగతిని కంపెనీ అధికారులకు పూర్తిగా చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పయింది. కాలిఫోర్నియా అనుమతిని నిలిపివేసింది.

అందరికన్నా జాగ్రత్తగా వెళ్తున్నదని పేరున్న వేమో 2020 అక్టోబరు నుంచి ఫీనిక్స్‌లో ముందు సీట్లో మనిషే లేకుండా ప్రజలను తిప్పుతోంది. దాని కార్లు కూడా 2025లో పిల్లల కోసం ఆగి ఉన్న స్కూలు బస్సులను దాటి వెళ్లిన సంఘటనలు బయటపడ్డాయి. కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్పుకు రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది. ఇక్కడొక సంగతి గమనించండి. మనిషి తప్పు చేస్తే ఆ ఒక్క బండే తప్పు చేస్తుంది. సాఫ్ట్‌వేరులో తప్పు ఉంటే అది ఉన్న బళ్లన్నీ ఒకే తప్పు చేస్తాయి. అయితే సరిదిద్దితే అన్నీ ఒకేసారి నేర్చుకుంటాయి కూడా. ఇది ఈ విద్యకున్న ప్రమాదమూ, బలమూ.

మరి మన ఒమన్ రోడ్ల సంగతి? ఆ అమ్మాయి నాన్నగారిని కలిసి అడిగాం. ఆయనది కోనసీమ. ఇక్కడ పదిహేనేళ్లుగా బండి నడుపుతున్నారు. "రాత్రిపూట ఒంటె మొత్తం కనపడదండి. లైట్లకి కాళ్లు మాత్రమే కనపడతాయి. నాలుగు కర్రలు కదులుతున్నట్టు ఉంటే నేను కాలు తీసేస్తాను. బంతి రోడ్డు మీదికి దొర్లిందంటే వెనకాలే పిల్లోడు వస్తాడండి. కొండల వైపు మబ్బు పట్టిందంటే ఇక్కడ చినుకు లేకపోయినా వాదీ దారిన వెళ్లను" అన్నారు.

ఆ చివరి మాట మా గుండెకు తగిలింది. 2024 ఏప్రిల్ వానల్లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలున్న వాహనం వరదలో కొట్టుకుపోయి పసివాళ్లు పోయిన విషాదం మనమెవరం మరచిపోలేదు. నీటి పైపొర చూసి లోతు, వడి అంచనా వేయడం మనిషికే కష్టం. కాలిఫోర్నియా వీధుల్లో చదువుకున్న కంప్యూటరుకు వాదీ అంటే ఏం తెలుస్తుంది? సలాలా ఖరీఫ్ పొగమంచు, రోడ్డు మీద పరుచుకున్న ఇసుక, యాభై డిగ్రీల ఎండ, ఇవన్నీ దానికి కొత్త పాఠాలే. గల్ఫ్‌లో కూడా నేర్చుకోవచ్చని చూపే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అబుధాబిలో 2021లో ఇలాంటి టాక్సీల పరీక్ష మొదలైంది. 2024 డిసెంబరులో ఊబర్, చైనా కంపెనీ వీరైడ్ కలిసి అక్కడ సేవలు ప్రారంభించాయి. మన తరగతి అబ్బాయి ఎక్కింది అలాంటిదే.

రోడ్డు టెస్టులో కంప్యూటరు కొన్ని ఊళ్లలో, కొన్ని వీధుల్లో పాసు. అన్ని రోడ్లలో ఇంకా కాలేదు.

లైసెన్సు ఎవరి పేరు మీద?

మరి ఇంత కష్టం ఎందుకు, మానేస్తే పోలేదా అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా పోతున్నవారు దాదాపు 11 లక్షల 90 వేల మంది. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే 1 లక్షా 68 వేల మంది. కంప్యూటరు నిద్రపోదు, మందు తాగదు, వాట్సాప్ చూడదు. ఆ లెక్కలో పదో వంతు తగ్గినా ఎన్ని ఇళ్లు నిలబడతాయి!

ఇంకో మాట. విజిట్ వీసా మీద వచ్చిన మన అమ్మలు, అత్తగార్లు మూడు నెలలు ఇంటి కిటికీ దగ్గరే కూర్చుంటారు. గుడికి వెళ్లాలన్నా కొడుక్కి సెలవు దొరకాలి. కళ్లు కనపడనివారికి, వయసు మీరినవారికి ఇలాంటి కారు స్వేచ్ఛ ఇస్తుంది.

అయితే ప్రాణాలు కాపాడటానికి రోబో కారే దిక్కని అనుకోకూడదు. ఒమన్‌లో 2012లో రోడ్డు మరణాలు వెయ్యి దాటాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో అవి దాదాపు సగానికి వచ్చాయి. ఇది డ్రైవరు లేని కార్లతో జరిగింది కాదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. సాంకేతిక కంపెనీలు ఈ రంగంలోకి రావాలి. కానీ కారు చేయడానికి తొందరపడకుండా, మంచి డ్రైవరును తయారుచేయడానికి రావాలి. కారును కార్లవాళ్లకే వదిలితే మేలు. పైగా మూడు షరతులకు ఒప్పుకోవాలి. ఒకటి, ఏ ఊరి రోడ్డు మీద నడుపుతారో ఆ ఊరి రోడ్డు మీదే పరీక్ష రాయాలి. ఒంటె, వాదీ, పొగమంచు అన్నీ సిలబసులో ఉండాలి. రెండు, తప్పు జరిగితే దాచకూడదు. మూడు, స్టీరింగు కంప్యూటరు చేతిలో ఉన్నప్పుడు జరిమానా, కేసు, నష్టపరిహారం అన్నీ కంపెనీ పేరు మీదే రావాలి. ఇప్పుడు అమ్ముతున్న చాలా కార్లలో ఉన్నది సాయం మాత్రమే, డ్రైవరు కాదు. స్టీరింగు దానంతట అది తిరిగినా బాధ్యత మనదే. పేరు ఎంత గొప్పగా పెట్టినా దాన్ని నమ్మి కునుకు తీయవద్దని తల్లిదండ్రులకు మా మనవి.

ఆ అమ్మాయికి మా జవాబు

ఇక అసలు ప్రశ్న. 2017లో మన కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు, డ్రైవర్ల ఉపాధి పోతుంది కాబట్టి ఇలాంటి కార్లను దేశంలోకి రానివ్వమని చెప్పారు. 2023లోనూ అదే మాట అన్నారు. మరోవైపు మన ఐఐటీ హైదరాబాద్‌వాళ్లు సంగారెడ్డి జిల్లా కంది ప్రాంగణంలో, తనంతట తాము నడిచే బళ్లను పరీక్షించే టీహాన్ కేంద్రాన్ని 2022 జులైలో ప్రారంభించారు. రెండింటిలోనూ న్యాయం ఉంది. ఒమన్‌లో టాక్సీ నడిపే పని ఈ దేశ పౌరులకే ప్రత్యేకించారు. అంటే ఈ బెంగ మన ఒక్కరిదే కాదు, మనకు అన్నం పెట్టిన ఈ నేల బిడ్డలది కూడా.

మరుసటి వారం ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాం. "రేపే ఏమీ అయిపోదమ్మా. కానీ నువ్వు పెద్దయ్యేసరికి ఈ పని మారుతుంది. మారదని చెప్తే అబద్ధమవుతుంది. డ్రైవరు జీతం మిగుల్చుకునే కంపెనీ ఆ మిగులులో కొంత ఆ డ్రైవరుకు కొత్త పని నేర్పడానికి ఖర్చుపెట్టాలి. అలా అడిగే హక్కు మనకుంది. మీ నాన్నగారికి తెలిసినంత ఆ కంప్యూటరుకు ఇంకా తెలియదు. దానికి నేర్పేవాళ్లు ముందు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోవాలి."

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "మా నాన్న పిల్లల్ని దింపాక, వాళ్లు గేటు లోపలికి వెళ్లేదాకా చూసి అప్పుడు బండి తీస్తారు. అది కూడా నేర్పాలి అంకుల్" అంది.

మేము అది నోటు పుస్తకంలో రాసుకున్నాం. మన బడి పిల్లల్లో రేపు ఎవరో ఒకరు అలాంటి ప్రోగ్రాము రాస్తారన్న నమ్మకం మాకుంది. రాసేటప్పుడు ఆ గేటు సంగతి మరచిపోవద్దు.